వెడల్పు కంటికి నిలకడ

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో పైకప్పు నిండా విజయనగర కాలపు వర్ణచిత్రాలున్నాయి. తలెత్తి చూస్తే కంటికి బాగానే ఆనుతాయి. ఫొటో తీయబోతేనే చిక్కు. స్తంభాల మధ్య వెనక్కి జరిగే చోటుండదు కాబట్టి వైడ్ లెన్స్ కావాలి. అంచుల దాకా పదునుగా రావాలంటే ఎపర్చర్‌ను ఎఫ్/8 దాకా మూయాలి. ఆ మసక వెలుతురులో అలా మూస్తే షటర్ అర సెకనో, అంతకన్నా ఎక్కువో తెరిచి ఉండాలి. అంతసేపు చెయ్యి నిలవదు. ట్రైపాడ్ పెడదామంటే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో దానికి ముందే అనుమతి తెచ్చుకోవాలి. యూరప్ చర్చిల్లోనూ మ్యూజియాల్లోనూ ట్రైపాడ్‌కు ఇలాంటి ఆంక్షలే ఎదురవుతాయి. చేతి వణుకును తనే దిద్దుకునే వైడ్ జూమ్ ఒకటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఉంటే ఎంత బాగుండు అనే కోరిక ఇలాంటి చోట్లే బలపడింది.

అది తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. ‘వైడ్ లెన్స్‌కు స్టెబిలైజర్ దేనికి?’ అన్న ప్రశ్న దాన్ని అడుగడుగునా అడ్డుకుంది. ఆ ప్రశ్న వెనక ఫిల్మ్ రోజుల లెక్క ఒకటుంది. ఫోకల్ లెంగ్త్ ఎన్ని మిల్లీమీటర్లో సెకనులో అన్నో వంతు వేగం ఉంటే చేత్తో పట్టుకుని తీయొచ్చని పాతవాళ్లు చెప్పేవారు. 300 మి.మీ. లెన్స్‌కు 1/300 సెకను కావాలి, 16 మి.మీ. లెన్స్‌కు 1/15 చాలు. కెమెరా ఒక డిగ్రీలో పదో వంతు తిరిగిందనుకుందాం. 300 మి.మీ. లెన్స్‌తో సెన్సర్ మీద బొమ్మ అర మిల్లీమీటరు పైనే జారుతుంది. 16 మి.మీ. దగ్గర జారేది 0.028 మి.మీ. మాత్రమే.

అందుకే స్టెబిలైజర్ మొదట దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్సుల్లోకే వెళ్లింది. అసలు ఆలోచన ఇంకా పాతది. స్పెయిన్‌లో పుట్టిన హువాన్ దె లా సియెర్వా 1960లలో సినిమా కెమెరాల కోసం డైనాలెన్స్ అనే పరికరం చేశాడు. రెండు గాజు పలకల మధ్య ద్రవం నింపి, కెమెరా వణికినప్పుడల్లా ఆ పలకలు వంగి కాంతి దారిని సరిచేసేలా అమర్చాడు. దానికి ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. 1994లో నికాన్ ఒక చిన్న ఫిల్మ్ కెమెరాలో వణుకు దిద్దే ఏర్పాటు పెట్టింది. మరుసటి ఏడాది కేనన్ 75-300 మి.మీ. జూమ్‌తో అది ఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లోకి అడుగుపెట్టింది. లోపల రెండు బుల్లి గైరో సెన్సర్లుంటాయి. ఒకటి కెమెరా పైకీ కిందికీ ఊగడాన్ని, రెండోది పక్కలకు తిరగడాన్ని కనిపెడుతుంది. విద్యుదయస్కాంతాలు ఒక అద్దాల గుంపును అందుకు తగ్గట్టు జరిపి, సెన్సర్ మీద బొమ్మను కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి.

పాత లెక్క పాతబడిపోయిందని చూపించింది డిజిటల్ సెన్సరే. 2008లో వచ్చిన నికాన్ డీ700లో 1.2 కోట్ల పిక్సెళ్లు. 0.028 మి.మీ. జారుడు అందులో మూడు పిక్సెళ్లకు కాస్త పైన. 2012 నాటి డీ800లో 3.6 కోట్ల పిక్సెళ్లు, ఒక్కొక్కటి 5 మైక్రాన్ల లోపే. అదే జారుడు ఇక్కడ దాదాపు ఆరు పిక్సెళ్ల మేర గీతలా సాగుతుంది. చిన్న అచ్చులో బయటపడదు గానీ శిల్పం అంచునో శాసనాక్షరాన్నో పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది.

ఎఫ్/2.8 లెన్స్ ఉంటే సరిపోదా అనేవాళ్లకూ సమాధానం ఉంది. 2007లో వచ్చిన నికాన్ 14-24 మి.మీ. ఎఫ్/2.8 గొప్ప లెన్స్, సందేహం లేదు. బరువు కిలోకు దగ్గర. ముందు అద్దం ఉబ్బి ఉండటంతో మామూలు ఫిల్టరు బిగించలేం. ఎఫ్/4 కన్నా అది ఇచ్చే లాభం ఒక్క స్టాప్, అంటే రెట్టింపు కాంతి. నాలుగు స్టాపుల స్టెబిలైజర్ అయితే షటర్‌ను పదహారు రెట్ల సేపు తెరిచి ఉంచనిస్తుంది. లేదంటే ఐఎస్ఓను 400 నుంచి 6400కు పెంచి, రంగుల్లో నలుసులు భరించాలి. పైగా ఎఫ్/8కు మూసిన క్షణాన ఎఫ్/2.8 లాభం సున్నా, స్టెబిలైజర్ సాయం మాత్రం అలాగే ఉంటుంది. కట్టడాల ఫొటోలు తీసేవారికి ఈ ఒక్క మాటతో వాదం ముగిసిపోవాలి. నడిచే మనిషిని, రెపరెపలాడే దీపాన్ని స్టెబిలైజర్ ఆపలేదు, నిజమే. కానీ వాగు నీటిని పట్టుదారంలా చూపాలనుకునేవాడికి ట్రైపాడ్ మోయకుండానే ఆ వీలు దొరుకుతుంది.

2010 ఫిబ్రవరిలో నికాన్ 16-35 మి.మీ. ఎఫ్/4 వీఆర్ వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ వైడ్ జూములలో స్టెబిలైజర్ ఉన్న మొదటిది అదే. 680 గ్రాముల బరువు, 125 మి.మీ. పొడవు, ముందు మామూలు 77 మి.మీ. ఫిల్టరు. 16 మి.మీ. దగ్గర నిటారు స్తంభాలను బయటికి బాగా వంచేది, సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకోవలసి వచ్చేది. అయినా దారి తెరిచింది అదే. కేనన్ వాడేవారు 2003 నాటి 17-40 ఎఫ్/4తోనే మరి నాలుగేళ్లు నెట్టుకొచ్చారు. 2014లో వారికి 16-35 మి.మీ. ఎఫ్/4 ఐఎస్ అందింది. 615 గ్రాములు, నాలుగు స్టాపుల సాయం, పూర్తిగా తెరిచినా మూలల దాకా పదును. నా మటుకు కోరిక నిజంగా తీరింది ఈ లెన్స్‌తోనే. అదే ఏడాది సెప్టెంబరులో సోనీ 16-35 ఎఫ్/4ను, టామ్రాన్ 15-30 ఎఫ్/2.8ను ప్రకటించాయి. టామ్రాన్‌ది ఎఫ్/2.8తో పాటు స్టెబిలైజర్ కూడా ఉన్న తొలి ఫుల్ ఫ్రేమ్ అల్ట్రావైడ్ జూమ్. 1.1 కిలోల బరువు దానికి కట్టిన మూల్యం.

ఇంత ఆలస్యానికి గిరాకీ మీద అనుమానం ఒక్కటే కారణం కాదు. ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య అద్దం (మిర్రర్) ఊగడానికి చోటుండాలి. కేనన్‌లో లెన్స్ బిగించే వలయం నుంచి సెన్సర్ దాకా 44 మి.మీ., నికాన్‌లో 46.5 మి.మీ. అంత దూరం నుంచి 16 మి.మీ. లెన్స్‌లా పనిచేయాలంటే ముందు పెద్ద అద్దాలతో కాంతిని విప్పి, వెనక మళ్లీ కూడదీయాలి. ఆ సున్నితమైన వరుసలో ఒక గుంపు పక్కకు జరిగినా మూలలు చెడకూడదు.

ఇంకో చిక్కు జ్యామితిది. గోడకు ఎదురుగా నిలబడి టార్చిలైటు తిప్పితే, ఎదురుగా ఉన్నప్పుడు వెలుగు మచ్చ నెమ్మదిగా జరుగుతుంది. ఏటవాలుగా పడేటప్పుడు అదే మణికట్టు కదలికకు చాలా దూరం పరుగెడుతుంది. గీతలను గీతలుగా ఉంచే వైడ్ లెన్స్‌లోనూ ఇదే జరుగుతుంది. 16 మి.మీ. దగ్గర ఫ్రేమ్ నడుమ బొమ్మ ఒక పాలు జారితే, కుడి ఎడమ అంచుల్లో రెండుంబావు పాళ్లు జారుతుంది. బొమ్మ మొత్తాన్ని ఒకే కొలతతో వెనక్కి లాగితే నడిమి భాగం నిలుస్తుంది, అంచులు ఇంకా కదులుతూనే ఉంటాయి. ఇక షటర్ నొక్కేటప్పుడు కెమెరా గుండ్రంగా ఒరిగితే లెన్స్‌లోని గుంపు ఏమీ చేయలేదు. దాన్ని దిద్దగలిగేది సెన్సరే.

ఆ పని సెన్సర్ నేర్చుకుంది కూడా. 2003లో మినోల్టా సెన్సర్‌నే కదిలించే కెమెరా తెచ్చింది. 2014 చివర్లో సోనీ ఏ7 రెండో తరం ఐదు రకాల కదలికలను దిద్దే ఏర్పాటును ఫుల్ ఫ్రేమ్‌కు తెచ్చింది. దాంతో లెన్స్‌లో స్టెబిలైజర్ ఇక అక్కర్లేదన్న ధోరణి పెరిగింది. 2019లో నికాన్ జెడ్ 14-30, 2022లో సోనీ కొత్త 16-35 ఎఫ్/4 అది లేకుండానే వచ్చాయి. కానీ సెన్సర్ జరగడం కూడా బొమ్మనంతా ఒకే కొలతతో లాగడమే. నడుస్తూ వైడ్‌లో వీడియో తీస్తే మూలలు జెల్లీలా ఊగడానికి ఇదొక ముఖ్య కారణం.

కేనన్ మాత్రం లెన్స్‌లోని స్టెబిలైజర్‌ను వదులుకోలేదు. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్ 14-35 ఎఫ్/4 కేవలం 540 గ్రాములు. 2023 అక్టోబరులో 10-20 ఎఫ్/4 వచ్చింది. 10 మి.మీ. దగ్గర అంచుల జారుడు నడుమ కన్నా నాలుగు రెట్లు మించుతుంది. అందుకే ఇందులో లెన్స్, కెమెరా పరస్పరం సమాచారం పంచుకుని అంచుల కదలికను కూడా లెక్కలోకి తీసుకుని దిద్దుతాయి. బరువు 570 గ్రాములు. పాత 11-24 ఎఫ్/4 బరువు 1180 గ్రాములు, దానికి స్టెబిలైజరే లేదు. కొత్త కెమెరాల్లో ఊగే అద్దం పోయి లెన్స్ సెన్సర్‌కు చేరువ కావడమే ఈ తేడాకు పెద్ద కారణం.

ఈ కొత్త లెన్సులకు ఖర్చు పెట్టలేనివారు 2014 నాటి కేనన్ 16-35 ఎఫ్/4ను పాతదైనా వెతికి కొనుక్కోవచ్చు. దాన్ని అడాప్టరుతో కేనన్ ఆర్5 వంటి కొత్త బాడీకి తగిలిస్తే లెన్స్‌లోని స్టెబిలైజర్, సెన్సర్‌లోని స్టెబిలైజర్ కలిసి పనిచేస్తాయి. పుట్టినప్పుడు లేని గుండ్రటి ఒరుగుడు దిద్దుబాటు కూడా ఆ పాత లెన్స్‌కు అలా సమకూరుతుంది.