మెరుగు పెట్టడమా, మెరుగు తీయడమా?

తెలుగులో మనము "మెరుగు పెట్టడం" అంటాము. ఆ మాట వినగానే, లేని మెరుపును ఎక్కడినుండియో తెచ్చి పైన పూసినట్లు తోస్తుంది. ఉర్దూలోని "సైఖల్" అన్న మాట స్ఫురింపజేసే భావం వేరు: తుప్పును, మాలిన్యమును రుద్ది తొలగించగా లోపలి కాంతి వెలికి రావడం. మోటారు కారు రంగుకు పాలిష్ పట్టే పనిలో ఈ రెండింటిలో ఏది సత్యము? ఈ ప్రశ్న భౌతికశాస్త్ర విద్యార్థికే గాక, బండిపై బ్రదుకు వెళ్ళదీసే డ్రైవరుకు కూడా ముఖ్యమైనదే.

ముందుగా మన ప్రాంతపు పాత విద్య నొకదానిని చూద్దాము. తూర్పు కనుమల అడవులలో అంకుడు చెట్టు పెరుగుతుంది. దాని కర్ర తెల్లనిది, మెత్తనిది. ఆ కర్రతో అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డునగల ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేస్తారు. మోదుగ, రేగు వంటి చెట్లపై చేరే చిన్న పురుగు స్రవించే జిగురే లక్క. తరిణెపై గిర్రున తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టగా, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకొంటుంది. పిదప మొగలి ఆకుతో రుద్దగా ఆ పూత సమముగా పరచుకొని నిగనిగలాడుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రకృతిసిద్ధమైన రంగులతో ఈ కళకు తిరిగి ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

కారు రంగుకు ఈ లక్కతో పేరులో చుట్టరికమున్నది. సంస్కృతంలో లాక్షా, తెలుగులో లక్క, ఉర్దూలో లాఖ్. ఇంగ్లీషు "లాకర్" అన్న మాట కూడా ఈ కుదురు నుండి పుట్టినదే. 1920ల తొలి సంవత్సరాల వరకు ఒక కారుకు రంగులు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ "డ్యూకో" అన్న త్వరగా ఆరే లాకర్‌ను తెచ్చింది. అందులో లక్క లేదు. పేరు మాత్రం మిగిలింది.

ఇక మెరుపు సంగతి. నునుపైన తలంపై పడిన కాంతికిరణాలు ఒక క్రమంలో పరావర్తనం చెందుతాయి. అందుచేత అందులో మన ముఖం కనబడుతుంది. గీతలు పడిన తలంపై అవే కిరణాలు చెల్లాచెదరవుతాయి. రంగు వెలిసినట్లు కనబడుతుంది. పాలిష్‌లో మిక్కిలి సన్నని రాపిడి పొడి ఉంటుంది. అది గీత చుట్టూ ఉన్న గట్టును అరగదీసి తలాన్ని సమం చేస్తుంది. అనగా మెరుపు పెట్టినది కాదు, గరుకును తీయగా వచ్చినది. పైన పూసే మైనము ఆ తలానికి కొంతకాలపు రక్షణ మాత్రమే.

మరి తీసివేయడానికి ఉన్నదెంత? నేటి కార్లలో రంగుపై ఒక పారదర్శకపు పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40 నుండి 50 మైక్రాన్లు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందమే ఇంచుమించు 70 మైక్రాన్లుంటుంది. గట్టి కాంపౌండుతో రుద్దిన ప్రతిసారీ ఈ పొరలో కొన్ని మైక్రాన్లు పోతాయి. అది బాగా పలుచబడితే ఎండ తాకిడికి పెచ్చులు లేస్తుంది. అప్పుడు మరల రంగు వేయించడమే గతి.

ఇక్కడనే బొమ్మకు, బండికి భేదం. లక్క వేడికి కరుగుతుంది. గీత పడినచోట మరల కరిగించి సరిచేయవచ్చును. అక్కడ వేడి మిత్రుడు. కారుపై పొర ఒకసారి గట్టిపడిన తరువాత మరల కరగదు. మిషను ఒకేచోట నిలిస్తే ఆ వేడికి పొర మాడుతుంది. ఇక్కడ వేడి శత్రువు. అంచులు, మడతలు ఉన్నచోట్ల ప్రమాదం మరింత ఎక్కువ.

అనంతగిరి ఘాటు మీదుగా అరకు లోయకు ఎక్కే బండ్లకు దుమ్ము, బురద, మంచు తప్పవు. తెల్లవారగానే ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడవడం మన డ్రైవర్లలో చాలామందికి అలవాటు. సన్నని ఇసుక రేణువులు గుడ్డ క్రింద నలిగి, వలయాల వంటి గీతలు పడేది అప్పుడే. మొదట నీరు ధారాళంగా పోసి దుమ్మును జారవిడిచి, పిమ్మట మెత్తని తడిగుడ్డతో తుడవాలి. ఎండలో వేడెక్కిన రేకుపై పాలిష్ పట్టరాదు. గోటికి తగిలేంత లోతైన గీతను పాలిష్‌తో పోగొట్టాలని చూడరాదు. ముందుగా మెత్తని పాలిష్‌ను చిన్న చోట ప్రయత్నించి, అది చాలనప్పుడే గట్టి కాంపౌండును చేపట్టాలి.

పండుగకు, యాత్రికుల రాకకు ముందు బండి మెరవాలని కోరడం సహజమే. కాని ప్రతి మెరుపునకు ఆ పలుచని పొరయే మూల్యం చెల్లిస్తున్నదని తెలిసినవాడు నీటిని ఎక్కువగా, పాలిష్‌ను తక్కువగా వాడుకొంటాడు.