మామిడి బండికి ఇరుసే త్రాసు
బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడాలి

నూజివీడు: మామిడి కోతలు మొదలయ్యాయంటే నూజివీడు చుట్టుపక్కల రోడ్లకు తీరిక ఉండదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటల్లో తెల్లవారగానే చిక్కాలు కొమ్మల్లోకి లేస్తాయి. ఎండ ముదిరేలోగా కాయ బండెక్కాలి. ఈ హడావిడిలో ట్రక్కు ఎన్ని టన్నులు పట్టిందన్న లెక్కే గాని, ఆ బరువు ట్రక్కులో ఎక్కడ కూర్చుందన్న ఆలోచన ఉండదు. హుక్కు మీద భారం పెరగడానికీ, ట్రక్కు అటూ ఇటూ ఊగి బోల్తా పడడానికీ, మార్కెట్టు చేరేసరికి కాయ నలగడానికీ ఇదొక ముఖ్య కారణం.

2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు ప్రాంతం చిన్న రసాలకు, పెద్ద రసాలకు పెట్టింది పేరు. రసం కాయ కలెక్టరు కాయలా దెబ్బకు ఓర్చుకోదు. కనుక బండి కుదురు ఇక్కడి రైతుకు డబ్బుతో ముడిపడిన సంగతి.

ఎడ్లబండి నాటి పాఠం

ట్రాక్టర్లు రాకముందు ఈ మోత ఎడ్లబండ్లదే. రెండు చక్రాల బండికి ఇరుసే త్రాసు ముల్లు. ఇరుసుకు ముందున్న బరువు నొగలను కిందికి తొక్కుతుంది. వెనకున్న బరువు వాటిని పైకెత్తుతుంది. ముందు బరువు మితిమీరితే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. మెడ ఒరుసుకుపోయి పుండు పడుతుంది. వెనక బరువు మితిమీరితే కాడి పైకి లేచి, పలుపులు గొంతుకు బిగుసుకుంటాయి. ‘ఎద్దు పుండు కాకికి నొప్పా’ అన్నట్టు, ఆ బాధ బరువు వేసినవాడికి తెలియదు, లాగే పశువుకే తెలుస్తుంది.

అందుకే అనుభవం ఉన్న బండివాడు సరుకు వేశాక, ఎడ్లను కట్టే ముందు నొగను చేత్తో ఎత్తి చూస్తాడు. చేతికి బరువు తగులుతూనే అది లేవాలి. అసలు కదలకపోతే ముందు బరువు. ముట్టుకోగానే పైకి తేలితే వెనక బరువు. రెంటిలో ఏదైనా సరుకు సర్దాల్సిందే. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంట్ డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండిని మెరుగుపరచాలనీ, పశువుల మెడలపై భారం తగ్గించాలనీ 1970లలో దేశమంతటా ప్రచారం చేశారు.

అరడుగుతో ఎంత మార్పు!

ఎడ్ల స్థానంలో ట్రాక్టరు వచ్చింది, కాడి స్థానంలో హుక్కు వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు. రెండు చక్రాల ట్రక్కు ఒకటి సరుకుతో కలిపి 3,000 కిలోలు ఉందనుకుందాం. హుక్కు పిన్ను నుంచి ఇరుసుకు 3 మీటర్ల దూరం. మొత్తం బరువుకు కేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుంది. అప్పుడు హుక్కు మీద పడే బరువు 300 కిలోలు. అదే ఇరుసును 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు వెనక్కి బిగిస్తే హుక్కు మీద బరువు సుమారు 430 కిలోలకు పెరుగుతుంది. అరడుగు ముందుకు బిగిస్తే 160 కిలోలకు దిగుతుంది. ట్రక్కు అదే, సరుకు అదే.

అమెరికాలో కారు వెనుక లాగే ట్రెయిలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలని లెక్క. ట్రాక్టరుకు మాత్రం ఆ కంపెనీ ఇచ్చిన పుస్తకంలో హుక్కు ఎంత బరువు మోయగలదని రాస్తే అదే హద్దు. నాలుగు చక్రాల ట్రక్కులో ముందు భారం ముందు ఇరుసే మోస్తుంది కనుక హుక్కు మీద ఇంత ఒత్తిడి ఉండదు.

ఏది మితిమీరినా చేటే

హుక్కు మీద బరువు మరీ ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది మరీ ప్రమాదం. వెనక బరువు ఎక్కువైతే ట్రక్కు పాములా మెలికలు తిరుగుతుంది. నొగ పైకి గుంజడంతో ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గి, పల్లంలో బ్రేకు వేసినా జారుతుంది.

సరుకు మీద కూలీలను ఎక్కించడం ఎలాగూ తగని పని. పైగా 60 కిలోల మనుషులు నలుగురు ఇరుసుకు మీటరున్నర వెనక, తలుపు దగ్గర కూర్చుంటే పై లెక్కలోని హుక్కు మీద 120 కిలోలు తగ్గిపోతుంది.

కాయ సంగతీ అంతే. చక్రం గుంతలో పడి లేచినప్పుడు ట్రక్కు హుక్కు దగ్గర తక్కువగా, వెనక తలుపు దగ్గర అన్నిటికంటే ఎక్కువగా ఎగురుతుంది. అందుకని రసాల ట్రేలు ముందు భాగంలో, దెబ్బకు ఆగే కలెక్టరు కాయ వెనక వేయడం మేలు.

ఇరుసు జరపాలా, సరుకు జరపాలా?

ముందు జరపవలసింది సరుకునే. 20 కిలోల ట్రేలు 25 తీసి 2 మీటర్లు వెనక్కి పేర్చితే హుక్కు మీద 333 కిలోలు తగ్గుతుంది. అంటే పైన చెప్పిన 300 కిలోలూ పోయి, నొగ తిరిగి పైకి లేవబోతుంది! ఇరుసు ముట్టుకోకుండానే ఇంత మార్పు వస్తుంది.

సరుకు ఎంత సర్దినా బరువు కుదరకపోతే ఇరుసు అమరికలోనే లోపం ఉన్నట్టు. అప్పుడైనా వెల్డింగు షాపులో ఉజ్జాయింపుగా కోసి అతికించుకోవడం తగదు. కమాను కట్టలు, యూ బోల్టులు పట్టే చోట చట్రానికి బలం ఉండాలి. పిన్ను నుంచి ఇరుసు రెండు కొసలకూ దూరం సమానంగా ఉండాలి. లేకుంటే ట్రక్కు పక్కకు లాగి టైర్లు అరిగిపోతాయి. పైగా రిజిస్టరైన ట్రక్కును తయారీదారు నిర్దేశించిన తీరుకు భిన్నంగా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తోంది. కాబట్టి కొత్త ట్రక్కు కట్టించేటప్పుడే ఏ సరుకు, ఎంత, ఎలా వేస్తారో చెప్పి ఇరుసు చోటు తేల్చుకోవడం ఉత్తమం.

కాటా మీద తేలిపోతుంది

హుక్కు మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోవడానికి వేబ్రిడ్జి చాలు. ముందు ట్రాక్టరును ఒక్కదాన్నే తూచాలి. తర్వాత ట్రక్కు తగిలించి, ట్రక్కు చక్రాలు కాటా బయట ఉండేలా నిలిపి మళ్లీ తూచాలి. పెరిగినదే హుక్కు మీది బరువు.

ఎగుమతి దిగుమతుల వేళ కూడా జాగ్రత్త అవసరం. ట్రక్కును ట్రాక్టరు నుంచి విడదీసి ఉంచి వెనక వైపే ముందుగా నింపినా, ముందు వైపే ముందుగా ఖాళీ చేసినా నొగ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ సమయంలో దాని మీదకు వంగి ఉన్నవారికి ప్రాణాపాయం. నింపేటప్పుడు ముందు నుంచి, దించేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాలి. పని పూర్తయ్యేదాకా హుక్కు పిన్ను తీయకూడదు.