లివరుకి పది చుక్కలు

ఏలూరు ఆర్.ఆర్.పేటలో నేను చేసేది రక్తపరీక్షల పని. కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువుల కాపలావాళ్లు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు హమాలీలు వస్తుంటారు. పుల్లటి తేన్పులు, కుడి డొక్కలో బరువు, అన్నం సయించదు. ఏం వాడుతున్నావంటే కొందరు జేబులోంచి చిన్న సీసా తీస్తారు. లేబులు మీద చెలిడోనియం, పక్కన క్యూ అక్షరం. పావుగ్లాసు నీళ్లలో పది చుక్కలు.

అది హోమియో మందు. ఈ వైపు హోమియో కొత్తేం కాదు. గుడివాడ కాలేజీ 1945 నాటిది. పాలకొల్లు అల్లు రామలింగయ్యగారు సినిమాల్లో నవ్విస్తూనే హోమియో మందులిచ్చారు, రాజమండ్రి కాలేజీకి ఆయన పేరే.

హోమియో సీసా మీద 30సి అని ఉంటే, నూటికి ఒకవంతు చొప్పున 30 సార్లు పలచన చేసిన మందు. 12సి దాటాకే అసలు పదార్థం అణువైనా మిగలడం దుర్లభం. క్యూ అలా కాదు, మొక్కను ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారం. 12 శాతం మించి ఆల్కహాలున్న హోమియో మందును 30 మిల్లీలీటర్లకు మించిన సీసాలో దుకాణాల్లో అమ్మకూడదు. అందుకే ఆ సీసా జేబులో పడుతుంది. పది చుక్కల్లో ఆల్కహాలు కొంచెమే, నిజమే. తాగి లివరు పాడు చేసుకుని మానేసినవాడికి ఆ కొంచెం మాత్రం దేనికి?

చెలిడోనియం మొక్కను తుంచితే పసుపు పాలు కారతాయి. పైత్యమూ పసుపే కాబట్టి లివరుకి మంచిదని యూరపు పాతవైద్యుల లెక్క. తీరా చూస్తే ఆ మొక్క మూలికా మందులు వాడినవాళ్లకే లివరు దెబ్బతిన్న కేసులు జర్మనీలో బయటపడ్డాయి. 2008లో అక్కడి ప్రభుత్వం మోతాదుకి హద్దు పెట్టింది. చుక్కల మందులో మొక్క పాలు తక్కువే, కానీ "హోమియో కదా, ఏం చెయ్యదు" అనే ధీమా క్యూ సీసాకి చెల్లదు.

"తగ్గిందిగదండీ మేడంగారూ!" అంటారు. తగ్గుతుంది. కాలువలు కట్టేసి మంచినీళ్ల చెరువు అడుగంటే రోజుల్లో నీళ్ల వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఏ, ఈ, చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే పోతాయి. నేలఉసిరి పసరు తాగినా, ఉత్త పత్యం చేసినా బిలిరుబిన్ అలాగే దిగుతుంది. పేరు మాత్రం ఆఖరున మింగినదానికి. హోమియో ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి తేల్చింది.

సీసా పారెయ్యమంటే ఎవరూ వినరు. డాక్టరుకి చూపించి వాడమంటాను. హెపటైటిస్ బి ఏళ్లతరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది, ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. కళ్లు పచ్చబడ్డా, పొట్ట ఉబ్బినా, రక్తం కక్కినా, మాట తడబడినా పెద్దాసుపత్రికే. నిండు చూలాలికి కామెర్లొస్తే ఆ పూటే బయల్దేరాలి, హెపటైటిస్ ఈ ఆమెకి ప్రాణం మీదికి తెస్తుంది.