కంప్యూటరులో హార్మోనియము



పద్యనాటకములకు చిరకాలము హార్మోనియము వాయించిన మా అన్నగారు కాలధర్మము చెంది మూడేండ్లైనది. తమ హార్మోనియములో ఒక మెట్టు బొత్తిగా మూగవోయిన పిమ్మట, ఆయన ముసలితనములో ఒక విద్యుత్ కీబోర్డు కొని, దానిని తీగతో కంప్యూటరునకు తగిలించి, తమకు వచ్చిన నాటకపు వరుసలు 40 వరకు అందులో భద్రపరచిరి. మొన్నటి సంక్రాంతికి ఇంటిల్లిపాదియు కూర్చుండి వానిని తెరచితిమి. ఏమి చెప్పుదును! తిరునాళ్లలో పిల్లలు కొను పీపీబూర మ్రోగినట్లుండెను. మా వదినెగారు "ఇది మీ అన్నగారి వాద్యము కాదు, ఆపుడు" అని లేచి లోనికి పోయిరి. ఆ ఫైళ్లు చెడిపోయినవనుకొని నేను తుడిచివేయ సిద్ధమైతిని. మా అన్నగారి మనుమడు నా చేయి పట్టుకొని, "చిన్నతాతా, ఫైలు చెడలేదు. గొంతు బాగులేదు, అంతే" అనెను. వాని మాటకు అర్థము నాకు బోధపడుటకు రెండు దినములు పట్టినది. ఆ సంగతియే నేడు మీకు మనవి చేసెదను.

ఇట్టి ఫైళ్లకు మిడి యని పేరు. వేర్వేరు కంపెనీల విద్యుత్ వాద్యములు ఒకదాని మాట ఒకటి గ్రహించుటకై అమెరికా, జపాను దేశముల వాద్యనిర్మాతలు 1983లో కుదుర్చుకొన్న భాష యది. వారిలో ముఖ్యులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీ గారలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది. మిడి ఫైలులో శబ్దమే యుండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కబడెను, ఎంత బలముతో, ఎప్పుడు విడువబడెను అను వివరములు అంకెలలో నుండును. నడిమి స్థాయిలో మనము 'ఒకటి' యను మెట్టునకు అందు 60 సంఖ్య. నొక్కిన బలమునకు 1 మొదలు 127 వరకు గుర్తులు. నాలుగు నిమిషముల పాటను సీడీలో వలె రికార్డు చేసినచో 40 మెగాబైట్లకు పైగా చోటు పట్టును. మిడిగా వ్రాసినచో కొద్ది కిలోబైట్లు చాలును. ఇది స్వరపరచిన పుస్తకము వంటిది. పుస్తకము తనంత పాడదు. పాడువాని గొంతు బొంగురైనచో అది పుస్తకము తప్పు కాదు గదా!

ఏ సంఖ్యకు ఏ వాద్యము మ్రోగవలెనో 1991లో జనరల్ మిడి యను పట్టిక నిర్ణయించినది. అందు 128 వాద్యములు. సితారునకు 105, షహనాయికి 112. వీణ లేదు, నాదస్వరము లేదు, మృదంగము లేదు. హార్మోనియము పేరును లేదు; 21వ సంఖ్య గల రీడ్ ఆర్గన్ దానికి జ్ఞాతి. అన్నగారు దానినే ఎంచుకొనిరి. (బహిష్కారము హార్మోనియమునకు క్రొత్త కాదు. ఈ రేడియోలోనే 1940 మొదలు 1971 వరకు దానిపై నిషేధముండెను.)

ఇక గొంతు మాట. విండోసు కంప్యూటరుతో వచ్చు ధ్వనుల మూట మూడు మెగాబైట్లకు కొంచె మెక్కువ. ఆ 128 వాద్యములును అందులోనే ఇరుకుకొని యుండవలెను. అందుచేత ఒక్కొక్క వాద్యమునకు రెండు మూడు స్వరములు మాత్రమే రికార్డు చేసి, తక్కిన మెట్లకు వానినే సాగదీయుదురు. పైకి సాగదీసిన స్వరము కీచుమనును, క్రిందికి దించినది మొద్దుబారును. మేము విన్న పీపీబూర అదియే.

దీనికి మందు సౌండుఫాంటు. ఫాంటనగా అచ్చుకూటములో ఒకే తీరున పోతపోసిన అక్షరముల సముదాయము. వ్రాతప్రతి మారకుండ అక్షరముల తీరు మార్చినట్లు, మిడి ఫైలును ముట్టకుండ ధ్వనులను మార్చుట ఇందలి కిటుకు. 1994లో క్రియేటివ్, ఈ-మ్యూ కంపెనీలు ఒక సౌండుకార్డుతో దీనిని ప్రచారములోనికి తెచ్చినవి. నేడు ఆ కార్డు అక్కరలేదు. మనుమడు ఫ్లూయిడ్‌సింత్ అను ప్రోగ్రామును, సుమారు 30 మెగాబైట్ల జనరల్ యూజర్ అను సౌండుఫాంటును తెచ్చి పెట్టెను. రెండును ఉచితములే. 140 మెగాబైట్ల ఫ్లూయిడ్ ఆర్3 యును చూచితిమి. మూట పెద్దదైనంత మాత్రమున మేలని తలపరాదు. ఒకదానిలో పియానో దివ్యముగా నుండి వేణువు వెలవెలబోవును. శబ్దము మితిమీరి పెంచినచో ఏ మూటయైనను బరబరలాడును.

గమకము సంగతి వేరు. జారు, కంపితము ఫైలులోనే వ్రాయబడి యుండవలెను. సౌండుఫాంటు వానిని తెచ్చిపెట్టజాలదు. హార్మోనియమునకు మొదలే ఆ భాగ్యము లేదు గనుక మాకు నష్టము కలుగలేదు.

ఫలము కొంత కనబడినది. అయినను అది పరాయి ఆర్గన్ గొంతే. అప్పుడు మనుమడు అటకమీది హార్మోనియమును దింపెను. మేమే సౌండుఫాంటు చేయ బూనితిమి. రాత్రి బస్సుల రొద అణగిన పిమ్మట, ఫాను ఆపి, నేను తిత్తి ఊదుచుండగా వాడు 39 మెట్లను ఒక్కొక్కటిగా ఆరేసి క్షణములు నొక్కి రికార్డు చేసెను. పాలీఫోన్ అను ఉచిత ప్రోగ్రాములో ప్రతి స్వరమునకును దాని మెట్టు సంఖ్య చెప్పవలెను. మెట్టు నొక్కియుంచినంతసేపు స్వరము సాగుటకై, నడుమ కొంత భాగము మరల మరల మ్రోగునట్లు గుర్తు పెట్టవలెను. ఆ అతుకు కుదురకున్నచో 'టిక్కు' మనును; నాలుగు రాత్రులు దానికే పోయినవి. మూగమెట్టు రికార్డు కాలేదు. ప్రక్క మెట్టు స్వరమునే ఒక్క మెట్టు పైకి జరిపితిమి. అంత స్వల్పమైన సాగును చెవి పట్టదని మా ధైర్యము.

ఆదివారమునాడు మొదటి వరుస మ్రోగించితిమి. వదినెగారు వంటయింటి గుమ్మమున నిలిచి తుదిదాక వినిరి. పిమ్మట నాతో, "ఆ మూగమెట్టు ఎప్పుడు బాగుచేయించితిరి?" అనిరి.