‘నైస్’ – ఒక మాట, పలు అర్థాలు

కాచిగూడలో పిండి గిర్ని ముందు నిలబడి ఒక గృహిణి “కొంచెం నైసుగా పట్టు బాబూ” అంటుంది. పిండి మెత్తగా ఉండాలని ఆమె భావం. “నైసుగా మాట్లాడి పని చేయించుకున్నాడు” అన్నప్పుడు అదే మాట లౌక్యాన్ని తెలుపుతుంది. ఆంగ్ల తరగతిలో మాత్రం ‘నైస్’ అంటే ఇంపైన, చక్కని అని నేర్చుకుంటాం. ఒకప్పుడు ఒక విద్యార్థి వ్యాసంలోని ‘నైసు పిండి’ అనే ప్రయోగాన్ని నేను తప్పుగా భావించి కొట్టివేశాను. ఆ పదం చరిత్ర చదివిన పిమ్మట నాదే తొందరపాటని గ్రహించాను.

‘నైస్’ శబ్దానికి మూలం లాటిన్ భాషలోని ‘నెస్కియుస్’. ‘నె’ అనేది వ్యతిరేకార్థకం. ‘స్కిరే’ అంటే తెలియుట. కనుక ‘ఏమీ తెలియనివాడు’ అని దాని అర్థం. ‘సైన్స్’ అనే మాట కూడా ఈ ‘స్కిరే’ నుండి వచ్చినదే! ప్రాచీన ఫ్రెంచి ద్వారా సుమారు 1300 ప్రాంతంలో ఆంగ్లంలో ప్రవేశించినప్పుడు ‘నైస్’ అంటే తెలివితక్కువ అని అర్థం. తరువాత అది ప్రతిదానికీ వంకలు పెట్టే స్వభావాన్నీ, 16వ శతాబ్దం నాటికి సూక్ష్మతనూ, నిశితత్వాన్నీ తెలిపింది. ‘ఇంపైన’ అనే అర్థం 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో వాడుకలోకి వచ్చింది. 1817 చివర వెలువడిన ‘నార్థాంగర్ అబీ’ నవలలో జేన్ ఆస్టెన్, అన్నింటికీ ఈ ఒక్క మాటనే వాడే అలవాటును ఒక పాత్రచేత ఎగతాళి చేయించింది. సూక్ష్మభేదాన్ని చెప్పడానికి ఆంగ్లంలో నేటికీ ఈ విశేషణం ఉంది. గిర్నిలో వినిపించే అర్థం దానికి ఎంతో చేరువ.

నిందార్థకమైన పదం కాలక్రమంలో మంచి అర్థాన్ని పొందడం అర్థసౌమ్యత. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుండి ‘మూఢ’, ‘ముగ్ధ’ శబ్దాలు రెండూ ఏర్పడ్డాయి. మొదటిది తెలివిలేనితనం వద్దనే నిలిచిపోయింది. రెండవది అమాయకత్వాన్నీ, ఆపై మనోహరత్వాన్నీ బోధించింది. దీనికి విరుద్ధమైనది అర్థగ్రామ్యత. ప్రాచీనాంధ్రంలో పరిమళాన్ని తెలిపిన ‘కంపు’ నేడు దుర్వాసనకు పేరయింది.

ఈ మార్పులు తెలియకపోతే కవి హృదయమే తారుమారవుతుంది. పాత కావ్యంలో పూల కంపు అని కనిపిస్తే ఏవగించుకుంటాం. పాత ఆంగ్ల గ్రంథంలో ‘నైస్’ అని తిడితే పొగడ్త అనుకుంటాం.

ఆదివారాలలో ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకాలు అమ్ముతారు. అక్కడ పాత నిఘంటువు దొరికితే, మీకు బాగా తెలుసనుకున్న మాటను ఒకటి వెదకి చూడండి. నిఘంటువు పదం పుట్టుకను చెబుతుంది. నేటి అర్థాన్ని నిర్ణయించేది మాత్రం జనుల వాడుకయే. తప్పు అని తీర్పు చెప్పే ముందు ఆ పదం ఏ కాలంలో, ఎవరి నోట, ఏ అర్థంలో పలికిందో విచారించాలి.