డాక్టరు మీద కేసు పెట్టవచ్చునా?

"ఆస్పత్రిలో మనిషి పోతే డాక్టరుని జైల్లో వేయరా?" అని మా చోడవరంలో చాలామంది అడుగుతూంటారు. వేయవచ్చు. అయితే, మనిషి పోయినంత మాత్రాన కాదు.

వైద్యం ఫలించకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. పాము కరిచినవారికి సకాలంలో మందు ఎక్కించినా ఒక్కొక్కప్పుడు ప్రాణం దక్కదు. అది నేరం కాదు. వృత్తి తెలిసిన వైద్యుడెవరూ చేయని పని చేసి ప్రాణం తీస్తే, ఆ నిర్లక్ష్యం ఘోరమైనదైతే, అప్పుడు నేరం. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఫిర్యాదు రాగానే మామూలుగా అరెస్టు చేయకూడదనీ, ముందు ఆ శాఖ తెలిసిన మరో వైద్యుని, వీలైతే ప్రభుత్వ వైద్యుని అభిప్రాయం తీసుకోవాలనీ పోలీసులకు చెప్పింది.

"డాక్టరు తప్పు డాక్టరు చెబుతాడా?" అని మీరనవచ్చు. అనుమానం న్యాయమైనదే. కాని సంకెళ్ళ భయం పట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అర్ధరాత్రి ప్రాణం మీదికొచ్చిన రోగిని ముట్టుకోకుండానే "విశాఖ కె.జి.హెచ్.కి తీసుకుపొండి" అని చీటీ రాసేస్తారు. దారిలో ప్రాణం పోతే నష్టం ఎవరికి?

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి అయిదేళ్ళ దాకా జైలు. చికిత్స చేస్తూండగా జరిగితే రిజిస్టరైన వైద్యునికి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇక్కడొక తిరకాసుంది. మన పల్లెల్లో 'ఆర్.ఎం.పి.' అని పిలుచుకునేవారు ఈ లెక్కలోకి రారు. గుర్తింపు పొందిన డిగ్రీ, మెడికల్ రిజిస్టరులో పేరు రెండూ ఉండాలి. సూది వేయించుకునే ముందే అడగండి, మొహమాటం వద్దు.

నష్టపోయినవారికి పోలీసు స్టేషనొక్కటే దారి కాదు. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఆపరేషను తరువాత ఒక ఇంజనీరింగు విద్యార్థికి కాళ్ళు పడిపోయాయి. 2009లో సుప్రీంకోర్టు అతనికి కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. అది వినియోగదారుల చట్టం కింద వేసిన కేసు. డబ్బు చెల్లించిన వైద్యానికి రెండేళ్ళలోగా ఆ కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ ఉచితంగా చూసే ఆస్పత్రులకు అది వర్తించదు. సివిల్ కోర్టుకు వెళ్ళాలి. వైద్యుని ప్రవర్తన మీద మెడికల్ కౌన్సిలుకు రాయవచ్చు.

ఆస్పత్రి అద్దాలు పగలగొడితే మాత్రం 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు మీకే. దాని బదులు కేస్‌షీటు నకలు కావాలని కాగితం మీద రాసివ్వండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. రాసిచ్చిన తేదీ, వేళ మీ దగ్గరా ఉంచుకోండి.