బోరు నీటితో ఇంజిన్ బ్లాకుకు ముప్పు

పటాన్‌చెరు: సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో సరకులు మోసే డీజిల్ పికప్ వాహనాలకు ఇంజిన్ బ్లాకే ప్రాణాధారం. చాలా వాహనాలకు దీనిని పోత ఇనుముతో తయారు చేస్తారు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని 16 నుంచి 20 రెట్ల వరకు కుదించగా పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. ఆ ఒత్తిడిని పోత ఇనుము తట్టుకుంటుంది. అల్యూమినియం తేలికైనదే అయినా వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది.

ఇనుప బ్లాకులో సిలిండర్లు అరిగితే రీబోరింగ్ చేయించి, పెద్ద పిస్టన్లు వేసి మళ్లీ నడుపుకోవచ్చు. పగిలితే మాత్రం అతకడం కష్టం. రేడియేటర్‌లో బోరు నీరు పోస్తే లోపల లవణాలు పేరుకుని నీటి దారులు పూడుకుపోతాయి. కాగిన ఇంజిన్‌లో చన్నీరు పోస్తే బ్లాకు పగిలే ప్రమాదముంది. తయారీదారు సూచించిన కూలెంటునే వాడటం యజమానులకు శ్రేయస్కరం.